తలసరి కంకర

ఏ దేశంలో మనిషికి ఏటా ఎంత ఇసుక, కంకర, సున్నపురాయి, బంకమన్ను ఖర్చవుతుందో పోల్చే పాఠం ఒకటి నేను పిల్లలకు చెబుతాను. గవర్నర్‌పేటలో ఒక బడిలో సోషల్ టీచర్ని. బోర్డు మీద చైనా గీత పైపైకి పోతుంది, మనది దాని పక్కన పొట్టిగా నిలబడుతుంది. దాన్ని మార్కుల జాబితాలా చదివేదాన్ని నేను. మనం వెనకబడ్డామని పిల్లల ముందు నిజంగానే చిన్నబోయేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా ఇల్లు మంగళగిరిలో. మా ఆయన గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. ముందుగది మట్టినేలలో గుంట, అందులోకి కాళ్లు దించి తొక్కుతూ నేయాలి. మా వీధిలో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సిమెంటు రోడ్డు పోశారు, కొన్నాళ్లకు ఆ పైన ఇంకోటి. రోడ్డు పెరిగినకొద్దీ ఇల్లు పల్లమైపోయింది. వాన పడితే నీళ్లు గడప దాటి తిన్నగా గుంటలోకే. ఇరుగుపొరుగు కంకర పోయించి ఇళ్ల నేల లేపుకున్నారు. వాళ్ల నీళ్లు కూడా మాకే వచ్చాయి.

"మనమూ లేపుదామండీ. ఎన్నాళ్లీ మట్టి బతుకు?" అన్నాను.

"మరి గుంట సంగతేంటి?"

"సిమెంటుతో కట్టిద్దాం. పురుగూ పుట్రా కూడా రావు."

చదువుకున్నదాన్ని కదా, నా మాటే నెగ్గింది. కంకర లారీలు వచ్చాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరమే. తలకింతని పంచి చూస్తే ఆ నెల మేము ఏ దేశానికీ తీసిపోం.

మట్టిగుంటలో ఉండే చెమ్మే పడుగు పోగులను మెత్తగా ఉంచుతుంది. పాతికేళ్లు ఆ మగ్గం పక్కనే వండుకు తిన్నా నాకా సంగతి పట్టలేదు. ఆయనకు తెలుసు. నీళ్లు తోడి తోడి విసిగి, నన్ను నమ్మారు. సిమెంటు గుంట మీద పోగులు పెళుసెక్కి, జానెడు నేసేలోపు నాలుగు తెగేవి. తడి గోనెసంచులు పరిచాను, గంటలో ఆరిపోయాయి. అతుకులు పడ్డ చీరను, నూలిచ్చి నేయించుకునే షావుకారు తిప్పి పంపాడు. రెండోదీ తిప్పి పంపాడు. మూడోదానికి నూలే ఇవ్వలేదు.

"పగలగొట్టిద్దామండీ" అన్నాను ఏడుస్తూ.

"పగలగొడితే అడుగున ఏముంది? కంకరేగా. అందులో గుంట నిలవదు. ఇంకా కిందకెళ్తే మళ్లీ నీళ్లే."

కోపంగా కూడా అనలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. మగ్గం విప్పి, గుంట పూడ్పించి, పైన టైల్స్ వేయించాం.

ఇప్పుడు ఇద్దరం ఒకే బస్సులో గవర్నర్‌పేట వెళ్తాం. ఆయన ఒక బట్టల కొట్లో పవర్‌లూమ్ చీరలు మడతపెడతారు. మొన్న బడి వదిలాక అక్కడికి వెళ్లాను. ఒకావిడ చీర అంచు పట్టుకుని, "చేనేతేనా అండీ?" అని అడుగుతోంది.

ఆయన తలెత్తి నన్ను చూశారు. చూసి కూడా, "అవునండీ, మంగళగిరి మగ్గం మీద నేసిందే" అన్నారు.