తొమ్మిది ఫొటోల సినిమా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసులో అందరికీ వచ్చే జబ్బే, నాకు కాస్త ముదిరింది. సైట్‌లో ఇనుము కట్టే పనికని ఒమన్ వచ్చిన నన్ను, ఎండదెబ్బకు రెండుసార్లు పడిపోయానని, కంపెనీవాళ్లు బౌషర్‌లో ఒక ముసలి జర్మన్ ఇంజనీరు ఇంట్లో పెట్టారు. ఆయన్ని లేపి కూర్చోబెట్టడం, చెట్లకు నీళ్లు పట్టడం నా డ్యూటీ. వంట కడప నుంచి వచ్చిన ఒక అక్కది. దొరల ఇళ్లలో చేసీ చేసీ ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చేసింది (నన్ను తిట్టడానికి మాత్రం తెలుగే వాడేది).

సార్ తలగడ కింద ఒక కవర్లో తొమ్మిది పాత ఫొటోలుండేవి. ఆయన తల్లి పెళ్లికి ముందు ఒక మూకీ సినిమాలో వేషం వేసిందట. నవలను బట్టి తీసిన సాహసాల సినిమా. ఓడలు, దొంగలు, గుర్రాలు. ఆయనకు నాలుగేళ్లప్పుడే ఆమె పోయింది. ముఖం గుర్తులేదు. ఆ సినిమా రీళ్లు ఎక్కడా మిగల్లేదు. నవల్లో ఆమె పాత్ర సముద్రంలో మునిగిపోతుంది. సినిమాలో కూడా ముంచేశారా, బతికించారా అన్నదొక్కటే తాను పోయేలోగా ఆయనకు తెలియాలి. డాక్టర్లు చేతులెత్తేశాక కూడా పాత సినిమాలు భద్రపరిచే చోట్లకు, రీళ్లున్నాయా అని అక్క చేత ఉత్తరాలు రాయించేవాడు. చివరి జవాబు కూడా లేదనే వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదు.

నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. మా జగిత్యాల వైపు పటం కథవాళ్లు బొమ్మల గుడ్డ విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ మీద పుల్ల పెట్టి కథంతా చెప్పేస్తారు. బొమ్మలుండగా ఇక రీళ్లెందుకు? ఫొటోలను బట్టల క్లిప్పులతో తాడుకు వేలాడదీసి, చీపురుపుల్ల పట్టుకుని మొదలుపెట్టాను. డప్పు కూడా నోటితోనే. అక్క వెనకాలే ఇంగ్లీషులోకి మార్చేది. పటంలో పెద్ద మీసాలవాడే వీరుడు కాబట్టి మీసాలాయన్ని వీరుణ్ణి చేసి, నున్నగా గీసుకున్న సన్నటివాడి చేత నానా దొంగతనాలు చేయించాను. సార్ చెయ్యెత్తి, మీసాలవాడు ఓడల దొంగ, రెండోవాడే హీరో అన్నాడు.

“మీసం లేనోడు హీరో ఎట్లయితడు? అడుగక్కా,” అన్నాను.

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అన్ని నెలల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

చివరి ఫొటోలో ఆయన తల్లి పడవలో నిలబడి ఉంది, వెనక పెద్ద అల. సార్ నవ్వు ఆగిపోయింది. మా దగ్గర కథను చావు మీద ఆపరు, ఆ ఇంటికి మంచిది కాదంటారు.

“మునగలే,” అన్నాను. “ఒడ్డుకొచ్చింది. ఇంటికి పోయింది. కొడుకు గడప మీదనే కూసున్నడు.”

“ఇదెట్ల చెప్పేదిరా ఆయప్పకు,” అని అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, చివరికి చెప్పింది. అప్పుడు కొడుకు ఏం చేశాడని సార్ అడిగాడు. ఎత్తుకొమ్మని చేతులు చాపాడన్నాను. ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చాడు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

మర్నాటి నుంచి రోజూ అదే కథ కావాలన్నాడు. మీసాలాయన్నే హీరోగా ఉంచమన్నాడు కూడా. అలా పదకొండు రోజులు చెప్పాను. పన్నెండో రోజు తాడు కట్టి తిరిగి చూసేసరికి వినేవాడు లేడు.

ఇప్పుడు ఒమన్‌లోనే, వాదీ కబీర్ అనే చోట ఒక వర్క్‌షాపు చూసుకుంటున్నాను. పోయిన సినిమాలు ఎవరి అటకల మీదో దొరుకుతున్నాయని అప్పుడప్పుడు ఫోన్లో వార్తలొస్తాయి. అది గనక దొరికితే నా బండారం బయటపడుతుందని చాలాకాలం భయపడ్డాను. అంత ధైర్యంగా అబద్ధమాడిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఈ వయసులో నవ్వొస్తుంది. భయం మాత్రం పోలేదు, కాకపోతే ఇప్పుడది ఆ తల్లి కోసం. ఆ సినిమా దొరక్కూడదు దేవుడా, ఆమె ఇంటికి చేరి ఇన్నాళ్లయింది.