బయటికి వినిపించని సాల్మన్ అన్న పాట

నిన్న పొద్దున్న మా రాక్ పాటల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూసి, ఇదీ సాల్మన్ అన్న వేళాకోళమే అనుకున్నాను.

"సాల్మన్ ఇక లేడు. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది."

వచ్చింది అన్న నంబరు నుంచే. అబద్ధమని తేల్చడానికి వెంటనే ఫోన్ చేశాను. వాళ్ళ మేనమామ గారు ఎత్తారు.

"నిజమేనమ్మా. ఆ మెసేజ్ పెట్టింది నేనే."



తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సాల్మన్ అన్న తణుకులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మతో కలిసి రెండు గదుల పోర్షన్‌లో ఉండేవారు. ప్రపంచంలో ఏ మూల ఏ రాక్ బ్యాండ్‌కి జలుబు చేసినా ఆయనకు తెలిసిపోయేది.

రోజూ పొద్దున్నే గ్రూపులో వాయిస్ నోట్ పెట్టేవారు. పాత రేడియో వార్తల గొంతుతో, ఎక్కడా నవ్వకుండా.

"రాక్ వార్తలు. చదువుతున్నది సాల్మన్. ఒక ప్రముఖ బ్యాండ్‌లో విభేదాలు మళ్ళీ తలెత్తాయి. డ్రమ్మర్ గారు అలిగి పుట్టింటికి వెళ్ళినట్టు తెలియవచ్చింది. గిటారిస్టు గారు బతిమాలే ఉద్దేశంలో లేరు."

ఆ తర్వాత ఒక పాట లింకు. దాని కింద మా యుద్ధం.

ఇవాళ పొద్దున్న ఆ వేళకి అందరం ఆన్‌లైన్‌లో ఉన్నాం. 

నేను ఆ గ్రూపులోకి అభిమానిగా రాలేదు. ప్రతిపక్షంగా వచ్చాను.

డిగ్రీ మొదటి సంవత్సరంలో, రాజమండ్రిలో ఒక డిబేట్. పాశ్చాత్య సంగీతం మన యువతకు అవసరమా అన్నది అంశం. అనవసరమన్నది నా పక్షం. రాక్ సంగీతమంటే "మనది కాని ఆకలికి మనం పెట్టే కేక" అని నిర్వచించి, బల్ల గుద్ది మరీ చప్పట్లు కొట్టించుకున్నాను. ఫస్ట్ ప్రైజ్ నాకే వచ్చింది.

బయట టీ తాగుతుంటే జడ్జీల్లో ఒకాయన దగ్గరికి వచ్చారు. ఆయనే సాల్మన్ అన్న.

"ప్రైజ్ మీదేనండి. మాట్లాడిందంతా తప్పండి."

"మరి ప్రైజెందుకిచ్చారండి?"

"ఆ మైకు పట్టుకోవడం, ఆ అరవడం... రాక్‌ని తిడుతూ ఇంత మంచి రాక్ కచేరీ నేనెక్కడా చూళ్ళేదండి."

ఆ సాయంత్రమే నన్ను గ్రూపులో చేర్చారు.

నా ప్రధాన వాదాన్ని నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. ఎక్కడో ఫ్యాక్టరీ పట్టణాల్లో పుట్టిన కోపం, చేలగట్ల మీద పెరిగిన మనకు అరువు సొత్తు. అన్న దీనికి సిద్ధాంతంతో జవాబు చెప్పేవారు కాదు.

"తణుకులో కూడా ఫ్యాక్టరీ ఉంది కదమ్మా. చెరుకు సీజన్లో వచ్చి ఆ సైరన్ విను. తర్వాత పోట్లాడుకుందాం."

ఇంత గట్టి సంగీతాన్ని ఇంట్లో ఎలా భరిస్తున్నారని ఒకసారి అడిగాను.

"అమ్మకి పార్శ్వపు నొప్పమ్మా. చెంచా కింద పడినా తట్టుకోలేదు. అందుకే ఈ ఇయర్‌ఫోన్స్. ఎప్పటికైనా ఒక్కసారి, పెద్ద స్పీకర్లు పెట్టి, కిటికీలు అదిరిపోయేలా, మా ఇంటి మధ్యలో కూర్చుని వినాలమ్మా."

నిన్న దొరికిన మొదటి బస్సు పట్టుకుని తణుకు వెళ్ళాను.

ఇంటి లోపల చర్చి సంఘం వాళ్ళు కీర్తనలు పాడుతున్నారు. అన్న తెల్ల చొక్కాలో పడుకుని ఉన్నారు. చెవుల్లోనో మెడలోనో ఇయర్‌ఫోన్స్ లేకుండా ఆయన్ని చూడటం నాకదే మొదటిసారి.

వాళ్ళమ్మ మార్తమ్మ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వేనామ్మా, మావాడితో పోట్లాడే రాజమండ్రి పిల్లవి?"

"నేనేనండి ఆంటీ."

"వాడేం వినేవాడమ్మా? పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందరూ సాల్మన్‌కి పాటలంటే ప్రాణం అంటున్నారు. ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్కటీ నా చెవిన పడలేదు. వాణ్ణి తీసుకెళ్ళేలోగా ఒక్కటి వినిపించమ్మా."

ఏ పక్షాన నిలబెట్టినా మాట్లాడగలనని నాకు గర్వం. నిన్న మాత్రం ఫోన్లో పాటల జాబితాని రెండుసార్లు పైకీ కిందకీ జరిపాను. జీవితమంతా విన్న మనిషి తరఫున, ఏమీ వినని తల్లికి, ఒకే ఒక్క పాట. తప్పు పాట ఎంచుకుంటే దిద్దుకునే వీల్లేదు.

మేమిద్దరం అన్నిటికంటే ఎక్కువ పోట్లాడుకున్న పాటే తీశాను. నెమ్మదిగా మొదలై, పోనుపోను మాటలన్నీ రాలిపోయి, చివరికి గిటారు ఒక్కటే ఏడ్చే పాట.

ఆంటీ చెంగు పక్కకు జరిపి నేనిచ్చిన ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. గిటారు అందుకునే చోట నేను సౌండ్ తగ్గించబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపారు.

పాట అయిపోయింది. ఆంటీ ఇయర్‌ఫోన్స్ తియ్యలేదు.

"ఇదేనా? దీనికేనా వాడు నాకు భయపడింది? పెట్టుకోరా అనేదాన్ని కదమ్మా. నొప్పొస్తే రానీ, ఓ మాత్ర వేసుకుని పడుకునేదాన్ని."

ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టారు. "బయటికి పెట్టు. గట్టిగా."

సంఘ పెద్ద ఒకాయన వంగి, "ఇప్పుడు బాగోదేమోనమ్మా, కీర్తనలు నడుస్తున్నాయి కదా" అన్నారు. నా సమాధానం సిద్ధంగానే ఉంది. ఆంటీ నాకు అవకాశమివ్వలేదు.

"కీర్తన నేనూ పాడతానండి. అదయ్యాక ఇది. వాడు నాకోసం ఇన్నేళ్ళు ఆగాడు. మీరు కాసేపాగండి."

పాస్టర్ అయ్యగారు సరేనన్నట్టు తలూపారు.

కీర్తన ముగిశాక ఫోన్‌ని అన్న దిండు మీద పెట్టి, సౌండ్ పూర్తిగా పెంచాను. ఆ కాస్త స్పీకర్లోంచి గిటారు, దూరపు చేలో తిరిగే కోతమిషన్ అంత సన్నగా వచ్చింది. ఫ్యాను చప్పుడు దాన్ని మింగేస్తోంది. ఎవరో లేచి ఫ్యాను ఆపారు.

"ఇంకా పెరగదామ్మా?" అన్నారు ఆంటీ.

"ఇంతేనండి ఆంటీ."

ఆవిడ ముందుకు జరిగి, అన్న చెంప పక్కన చెవి ఆనించి, చివరిదాకా విన్నారు.

వెళ్ళిరండి అన్నా. మీకు శాంతి కలగాలి. శాంతి అంటే నిశ్శబ్దమని ఎవరైనా అంటే, వాళ్ళతో వాదించడానికి నేనున్నాను.