మిల్లు గోడ ముందు పాట

పోయిన బుధవారం మొదటి రైలుకి తెనాలి నుంచి రేపల్లె వచ్చిన మస్తాన్, మా గుమ్మంలోనే నిలబడిపోయి, "మన సైన్సు మాస్టారు పోయార్రా. నిద్రలోనే పోయారంట" అన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఇద్దరం అరుగు మీదే కూర్చున్నాం.

హైస్కూల్లో మా ఇద్దరికీ ఆయనే సైన్సు చెప్పారు. కానీ ఇప్పుడు తలుచుకుంటే నాకు కనిపించేది నల్లబల్ల కాదు, ఫుట్‌బాల్ గ్రౌండు. విచిత్రమేమిటంటే ఆయనకి ఆ ఆట రాదు. "ఇప్పుడా ఈల ఎందుకు ఊదాడ్రా?" అని ప్రతి ఆటలోనూ పక్కవాళ్ళని అడిగేవారు.

అరవైల చివరి రోజులవి. నేనప్పుడు తెనాలి టౌను జట్టులో ఆడేవాణ్ణి. ఒకసారి బాపట్ల జట్టు వచ్చినప్పుడు మా ఊరి జనం మమ్మల్నీ వాళ్ళనీ తిట్టిన తిట్లు ముదిరి రాళ్ళ దాకా పోయాయి. రిఫరీ ఆట ఆపేశాడు. మళ్ళీ ఇలా జరిగితే ఇక్కడ పోటీలే ఉండవని పెద్దలు తేల్చి చెప్పారు. పగలంతా ఏదో ఒక కొట్లో పనిచేసి, సాయంత్రం ఆ గ్రౌండులోనే ఊపిరి పీల్చుకునే మాకు కాళ్ళు విరిచినట్టయింది.

మర్నాడు మాస్టారు నన్నూ మస్తాన్‌నీ ఇంటికి పిలిపించారు. కోప్పడతారనుకున్నాం. ఆయన కళ్ళలో కోపం లేదు, ఏదో ఆరా ఉంది.

"నిన్న అంతమంది అరిచారు గదా, నీకేం వినబడిందిరా?"

"నా పేరూ, దాని పక్కన బూతూ తప్ప ఇంకేం వినబళ్ళేదండి."

"అమృతలూరులో చెక్కభజన చూశా మొన్న. గుప్పెడు మంది. ఊరి చివరికి వినబడింది. ఇక్కడ ఊరంతా అరిస్తే ఒక్క ముక్క తెలియలేదు. ఎందుకంటావ్?"

"వాళ్ళు కలిసి పాడతారు గదండి" అన్నాడు మస్తాన్.

"అంతేనా? చూద్దాం."

ఆ చూడటమే మా గ్రౌండుని మార్చింది. టైలరు పని నేర్చుకుంటున్న మస్తాన్‌ది పెద్ద గొంతు. వాణ్ణి ముందు నిలబెట్టి, అమృతలూరు నుంచి చెక్కలు వాయించేవాళ్ళని రప్పించి, కోలాటం బాణీలో రెండు ముక్కలు కట్టించారు:

"బంతి వచ్చె చూడరో, బాట ఇవ్వరో,
తెనాలోళ్ళ కాలి కింద దుమ్ము లేచెరో!"

మొదటిసారి పాటని గాలి ఎత్తుకుపోయింది. మాస్టారు నిరుత్సాహపడలేదు. తర్వాత రేపల్లె జట్టుతో ఆటకి అందరినీ గోలు వెనక, బియ్యం మిల్లు గోడ ముందుకి తెచ్చారు. "ఎండ మొహాన కొడతందండి, చెట్ల కిందకి పోతాం" అని గొణిగారు కొందరు. "చూసేవాళ్ళు చెట్ల కిందకి పొండి నాయనా. పాడేవాళ్ళే ఇక్కడ" అన్నారాయన, తన గొడుగు కూడా మూసేసి. గోడ పాటని పట్టి మా మీదకి విసిరింది. గ్రౌండు మధ్యలో ఉన్న నాకు ఒళ్ళు జలదరించింది. తిట్టాలని వచ్చినవాళ్ళు కూడా కాసేపటికి తాళం అందుకున్నారు.

ఆట కాగానే ఆయన నా దగ్గరికొచ్చారు. "పాట వినబడితే కాళ్ళలో ఏమన్నా అవుతుందా?"

"కాళ్ళకేం కాలేదండి. కానీ తప్పు పాసు ఇచ్చినా పాట ఆగలేదు. తలెత్తుకుని మళ్ళీ పరిగెత్తాను."

ఆ మాట ఆయనకి బాగా నచ్చింది. "తిట్టడానికి ఒకడి పేరు కావాల్రా. పాటకి అక్కర్లేదు" అని తర్వాత చాలామందితో అనేవారు. రేపల్లె గోల్‌కీపర్ని కూడా వదల్లేదు. "పాట బాగుందండి, వింటా బంతి వదిలేశా" అన్నాడతను నవ్వుతూ. మాస్టారు నవ్వలేదు. "అయితే ఇది న్యాయమేనంటావా?" అని ఎన్నాళ్ళో నన్ను వేధించారు.

తర్వాత మేమే బాపట్ల వెళ్ళాల్సి వచ్చింది. మా రాళ్ళకి బదులు ఉంటుందని అందరికీ తెలుసు. రైలెక్కే ముందు మాస్టారి దగ్గరికెళ్ళి, "పాటలోళ్ళు రాకపోతే మంచిదండీ" అన్నాను. "వెళ్ళకపోతే ఎట్లా తెలుస్తుంది?" అన్నారాయన.

రెండో సగంలో బంతి కోసం ఎగిరి నేను వాళ్ళ గోల్‌కీపర్ని గుద్దాను. అతను పడి లేవలేదు. బాపట్ల జనం చుట్టూ కట్టిన తాడు దాటి ముందుకొచ్చారు. ఇద్దరు ముగ్గురు కిందకి వంగడం నేను చూశాను. అప్పుడు మాస్టారు మస్తాన్ చెవిలో ఏదో అన్నారు. వాడి గొంతు వణుకుతూ లేచింది:

"లేచి రావో బాపట్ల అన్నా,
నువ్వు లేని గోలు మాకెందుకన్నా!"

వంగినవాళ్ళు అలాగే ఆగిపోయారు. అవతలి వైపు ఎవరో చప్పట్లు మొదలెట్టారు. మా చెక్కలు ఆ చప్పట్లని అందుకున్నాయి. గోల్‌కీపరు మోచేతి మీద లేచి, మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క గోలుతో మేం ఓడిపోయాం. రాయి ఒక్కటీ పడలేదు.

సాయంత్రం బాపట్ల కుర్రాళ్ళు స్టేషనుకొచ్చారు, ఆ పాట నేర్పమని. ప్లాట్‌ఫారం మీద రెండు ఊళ్ళూ కలిసి పాడుతుంటే మాస్టారు మా మధ్య లేరు. వెతుక్కుంటూ దూరంగా ఆ చివరికి వెళ్ళాను. "ఇక్కణ్ణుంచి వింటే రెండు ఊళ్ళూ విడివిడిగా వినబడతాయో లేదో చూడాల్రా. నువ్వెళ్ళి పాడు, ఆపనీకు" అన్నారు.

నేను వెనక్కొచ్చి గొంతు కలిపాను. చీరాల వైపు నుంచి రైలు దీపం పెద్దదవుతోంది. ప్లాట్‌ఫారం చివర, తెల్ల పంచెలో, మాకు వీపు తిప్పి, చెవి వెనక చెయ్యి ఆనించుకుని ఆయన ఇంకా వింటూనే ఉన్నారు.