వయొలిన్లు తొడుక్కున్న జోలపాట

మా పాపను చూసుకునే వితలీన్‌కు అరవై రెండేళ్లు. ఫ్రాన్సులో మా మోరియాక్ ఊరి పక్క కొండమీద పుట్టింది. పదేళ్లకే ఆవుల కాపలాకు వెళ్లింది, ఇద్దరు మొగుళ్లను సాగనంపింది, ఎనిమిది ఇళ్లలో పిల్లల్ని పెంచింది. తన ఒళ్లో నిద్రపోని పిల్ల పుట్టలేదని ఆవిడ గొప్ప. ఆ గొప్ప మా ఇంట్లో చెడింది. చెడగొట్టింది నేను.

నేను బడిలో రసాయనశాస్త్రం చెబుతాను. పిల్లలు తరగతిలో ఫ్రెంచి వదిలి మా కొండల భాష ఒక్సితాన్ మాట్లాడితే శిక్షగా మెడలో చెక్కబిళ్ల వేలాడదీసేది నేనే. మా పాప సొలాంజ్ పుట్టగానే ఇంట్లోనూ అదే చట్టం పెట్టాను: పాప చెవిన ఫ్రెంచి తప్ప పడకూడదు. రెండు భాషలు వింటే పసి మెదడు గందరగోళపడుతుందని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తులేదు.

వితలీన్‌కు వచ్చిన జోలలన్నీ ఒక్సితాన్‌వే. ఆవిడ నోరు మూసుకుంది, పాప కళ్లు మూయడం మానేసింది. పాలు సగంలో వదిలేసి ఏడ్చేది. మూడు వారాల్లో రెండువందల గ్రాములు తగ్గింది. రోజూ తూచి కాగితం మీద గీత గీసేవాణ్ణి. గీత కిందికే పోయేది. డాక్టరు పాపకేం జబ్బు లేదన్నాడు. నావైపు మాత్రం కాస్త అనుమానంగా చూశాడు.

అప్పుడే పత్రికలో చదివాను, మా ఒక్సితాన్ కొండపాటలకు ఆర్కెస్ట్రా జోడించి రికార్డులు తీశారని. అంటే చదువుకున్నవాళ్లు ఒప్పుకున్న పాటలన్నమాట. ఒకటి తెప్పించి, మధ్యాహ్నం ఉయ్యాల పక్కన గ్రామఫోను పెట్టి, గడియారం చేతపట్టుకుని సూది దింపాను.

పిల్లనగ్రోవి లేచింది, వయొలిన్లు కమ్ముకున్నాయి, ఒకావిడ గొంతు వాటిమీద తేలింది. చాలా బాగుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

వితలీన్ ఉతికిన గుడ్డలు మడతపెడుతూ చివరిదాకా విన్నది.

"ఎవరో గానీ బాగా పాడింది. మా అమ్మ పాటే ఇది. నేను పాడితే పాప బుర్ర పాడవుతుందన్నారు కదా మేష్టారూ?"

"ఇది వేరమ్మా. ఇది..."

"వయొలిన్లతో ఉతికితే మురికి పోయిందా?"

సూది ఎత్తి పక్కన పెట్టాను. "మీరే పాడండి," అన్నాను.

"ఏ భాషలో అడుగుతున్నారు?"

అర్థమైంది, ఒక్సితాన్‌లో అడగమంటోంది. మా అమ్మ ఆవులు పితికి నన్ను చదివించింది. ఆ భాషలో నేను ఆఖరుసారి మాట్లాడింది ఆవిడ శవపేటిక దగ్గర. ఇప్పుడు నోరు తిరగలేదు. బతిమాలే మాట ఒక్కటీ గుర్తురాక, పితికేవేళ మా అమ్మ ఆవును దూడ దగ్గరికి పిలిచే మాట అనేశాను.

"నన్ను ఆవును చేశారా? సరే, వస్తున్నా," అంది వితలీన్.

బొంగురు గొంతు. పాప రెప్ప వాలితే పాట నెమ్మదించేది, తెరుచుకుంటే వెనక్కి వెళ్లి అదే చరణం అందుకునేది. రికార్డు ఎవరి మొహమూ చూడదు, మూడు నిమిషాలకు తన పని ముగించుకుంటుంది. వితలీన్‌కు పదకొండు నిమిషాలు పట్టింది. రాసుకున్నాను.

రెండు వారాలకు గీత పైకి తిరిగింది. ఆ సోమవారం బడినుంచి చెక్కబిళ్లను ఇంటికి తెచ్చేశాను. పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పళ్లొచ్చే వేళ కదా అని పాప చేతికిచ్చాను. పాప ఆత్రంగా కొరికింది.

వితలీన్ వంగి చూసింది.

"చిన్నప్పుడు బడిలో నా మెడలో వేసింది ఇంకాస్త పెద్దది," అంది.