అట్లకాడ పట్టుకున్న మామయ్యగారు

ఆ ఆదివారం, దేశం కాని దేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలోని మా ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం. కథ పూర్తయి ప్రసాదం పంచుతుండగా మా ఆయన పీటల మీద నుంచి పక్కకు ఒరిగిపోయారు. కళ్లు తేలేశారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. అంతకుముందు ఆయనకు ఫిట్స్ వచ్చింది లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చేతిలో తాళాలు పెట్టమని ఎవరో అన్నారు. అంతే, వచ్చిన అంకుల్స్ అందరూ జేబులు తడుముకోవడం మొదలుపెట్టారు. ఫిట్స్ వస్తే గుప్పిట్లో ఇనుము పెట్టాలని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లే కదా. బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు వెలగబెడుతున్నవాళ్లే. ఒక్కరి దగ్గరా తాళంచెవి లేదు. అందరి ఇళ్లకూ నంబరు నొక్కితే తెరుచుకునే తలుపులే మరి. ఆ కంగారులోనూ నాకు ఒళ్లు మండింది.

అంబులెన్సుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అవతలి అమ్మాయి నింపాదిగా చెప్పింది: గట్టిగా అదిమి పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, తల కింద మెత్తటిది ఉంచండి. దీపపు కుందులు దూరంగా జరిపాను. ఇంతలో, మమ్మల్ని చూడటానికి రాజమండ్రి నుంచి వచ్చిన మా మామయ్యగారు వంటింట్లోంచి ఇనప అట్లకాడ పట్టుకొచ్చి, బిగుసుకుపోయిన కొడుకు వేళ్లు విప్పబోయారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన ముందు నేను గొంతు పెంచి ఎరగను.

"మామయ్యగారూ, ఆ చెయ్యి వదిలేయండి. వేళ్లు విరుగుతాయి. మీ కండువా ఇవ్వండి, తల కింద పెడదాం."

ఆయన నావైపు చూశారు, ఫోన్‌వైపు చూశారు. కండువా తీసి మడతపెట్టి, తానే కొడుకు తల కింద సర్దారు. అట్లకాడ మాత్రం వదల్లేదు.

కాసేపటికి కుదుపులు తగ్గాయి. మా ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఊపిరి మామూలుగా వస్తోందని చూసుకున్నాను. అంబులెన్సు వాళ్లు వచ్చి స్ట్రెచర్ మీదకు చేరుస్తుండగా మా ఆయన కళ్లు తెరిచి, అందరినీ అయోమయంగా చూసి, చివరికి వాళ్ల నాన్న చేతి దగ్గర చూపు ఆపారు.

"అట్లు ఎవరికి నాన్నా?"

"నీకేరా," అన్నారు మామయ్యగారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేశారు. మామయ్యగారూ నేనూ మాత్రం ఏడ్చేశాం.