ఎడమకే తిరిగే పిట్ట

మా తాతయ్య చేసిన పిట్టలన్నీ ఎడమకే తిరిగేవి. లోకంలో కుడి అనేది ఒకటుందని ఆయన వాటికి ఎప్పుడూ చెప్పలేదు.

పిట్టలంటే ప్రాణమున్నవి కావు. వెదురు పుల్ల వెన్నెముక, పల్చటి కాగితం రెక్కలు, ముందు వంచిన తీగ, దానికి తగిలించిన రబ్బరు బ్యాండు. తీగను వేలితో తిప్పి తిప్పి రబ్బరుకు మెలికలెక్కించి వదిలితే, ఆ మెలికలు విడిపోయేదాకా పిట్ట రెక్కలు టపటపలాడించుకుంటూ ఎగురుతుంది. రెడీమేడ్ చొక్కాలొచ్చి దర్జీ కొట్టు మూతపడ్డాక, తాతయ్య కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, దానిమీదే ఈ పిట్టల కార్ఖానా పెట్టాడు.

రబ్బరు బ్యాండు కనబడితే ఆయన చెయ్యి ఆగేది కాదు. నేను అన్నానికి కూర్చుంటే వెనకనుంచి జడ విడిపోయేది.

"తాతయ్యా!"

"నీ జుట్టు ఎక్కడికీ ఎగిరిపోదు కదే. పిట్ట ఎగరాలి."

అమ్మమ్మదీ ఇదే గోడు. "నా మందుల డబ్బాకున్నది కూడా లాగేశారు! మాత్రలన్నీ కలిసిపోయాయి. బీపీకి వేసుకున్నానో నిద్రకి వేసుకున్నానో నాకే తెలీదు."

"ఇంకా అరుస్తున్నావంటే రెండూ వేసుకోలేదన్నమాట."

మా ఇల్లు సందు చివర. వరండాలో నిలబడితే సందు మొత్తం కనబడుతుంది. కుడివైపు మేడమీద, నాకు చదువు చెప్పీ చెప్పీ అలిసిపోయి రిటైరైన టీచరమ్మ. ఎడమవైపు మేడమీద గొళ్ళెం తాత. ఒకప్పుడు తాతయ్య కొట్లో కూర్చుని పొద్దస్తమానం చదరంగం ఆడినవాడే. భార్య పోయాక తలుపుకు గొళ్ళెం పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పులు ఇంకా ఆవిడ విడిచినచోటే ఉన్నాయి. ఎవరైనా పలకరిద్దామని తలుపు తడితే లోపలినుంచి ఆయనే జవాబు చెప్పేవాడు.

"ఎవరూ లేరు!"

రోజూ సాయంత్రం తాతయ్య పిట్టను వదిలేవాడు. అది కాసేపు బుద్ధిగా వెళ్ళి, ఎడమకు తిరిగి, గొళ్ళెం తాత కిటికీకి టప్పున కొట్టుకునేది. ఒక్క రెక్క తెరుచుకునేది. పిట్టది కాదు, కిటికీది.

"ఒరేయ్ దర్జీ! కళ్ళు కొట్లో మర్చిపోయి వచ్చావా?"

"పిట్టకి బుద్ధి లేదురా, నేనేం చెయ్యను?"

"చేసినవాడికి ఉంటే కదా దానికొచ్చేది!"

అలా ఓ పది తిట్లయ్యాక పిట్ట కిందపడేది. ఏరుకురావడం నా ఉద్యోగం. ఆయన కిటికీలోంచి ఎంత కోపంతో విసిరినా దాని కాగితం ఎప్పుడూ చిరిగేది కాదు.

"ఒంటరి మనిషిని రోజూ ఎందుకండీ అలా పీక్కుతింటారు?" అని అమ్మమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. ఒకరోజు తాతయ్య కునుకు తీస్తుంటే ఆయన టేపుతోనే రెక్కలు కొలిచింది. ఎడమది బొటనవేలంత పొట్టి.

"పాపం, చూపు ఆనట్లేదే మీ తాతకి" అని కత్తెర తీసి రెండో రెక్కను కూడా దానికి సమంగా కోసేసింది.

ఆ సాయంత్రం పిట్ట తిన్నగా పోయింది. పాల బూత్ దాటి, మలుపు దాటి, కనబడకుండా పోయింది. నేను చప్పట్లు కొట్టాను. తాతయ్య మాత్రం మూసి ఉన్న ఎడమ కిటికీనే చూస్తూ నిలబడ్డాడు. వీధి దీపాలు వెలిగేదాకా అక్కడే ఉన్నాడు.

"రెక్క ఎవరు కోశారు?"

"నేనే. తేడాగా ఉందని..." అంది అమ్మమ్మ.

"తేడాగా ఉండాలనే కోశానే. పలకరిస్తే ఎవరూ లేరంటాడు. తిట్టడానికైతే ఒకడుంటాడు. ఇవాళ వాడు నోరు విప్పకుండానే పడుకుంటాడు."

మర్నాడు జడ రబ్బరు నేనే తీసి ఇచ్చినా తాతయ్య అందుకోలేదు. దుప్పటి కప్పిన మిషను ముందు ఊరికే కూర్చున్నాడు. సాయంత్రం సందులో ఎవరి గొంతూ లేదు.

అప్పుడు ఎవరో మా తలుపు బాదారు. తీస్తే గొళ్ళెం తాత! చొక్కా బొత్తాలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుని ఉన్నాడు.

"ఏరా, బతికే ఉన్నావా? పిట్ట నిన్న రాలేదు, ఇవాళ రాలేదు. నేనెవర్ని తిట్టుకోవాలి?"

"అది ఎడమకి తిరగడం మర్చిపోయిందిరా."

"నాటకాలాడకు. నా చొక్కాలన్నీ నువ్వు కుట్టినవే. ఏనాడైనా ఒక చెయ్యి దారప్పోగంత పొట్టిగా వచ్చిందా? రెక్క పొట్టిగా ఉందని మొదటిరోజే చూశాను."

"మరి తిట్టావెందుకురా?"

"తిట్టకపోతే పంపడం మానేస్తావేమోనని."

ఇద్దరూ కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా గోడను చూశారు. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఇంకో కంచం తెచ్చింది.

అన్నం తింటూ గొళ్ళెం తాత మెల్లిగా అన్నాడు. "ఒరేయ్, టీచరమ్మ ఈమధ్య కిటికీ తియ్యట్లేదురా. నా కిటికీలోంచి కనబడేది అదొక్కటే. ఈసారి కుడి రెక్క పొట్టిగా కొయ్యి."

"ఆవిడ తిడితే మనం తట్టుకోలేంరా. ఒక్క తప్పు లేకుండా తిడుతుంది."

"నేను పక్కనుంటాగా. సగం నాకు."

తాతయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. దుప్పటి మీద వెదురు పుల్ల ఉంది, కాగితం ఉంది, తీగ ఉంది.

"రబ్బరేదీ?" అన్నాడు గొళ్ళెం తాత.

ముసలాళ్ళిద్దరూ ఒక్కసారే నా జడవైపు తిరిగారు.