నీలవేణి నేనే

ఆడవాళ్ల వస్తువు ఏది ఎక్కడ బయటపడినా అది తనదేనని ప్రకటించడం జగన్నాధం గారికున్న ఏకైక జబ్బు. ఆమదాలవలస స్టేషను ప్లాట్‌ఫారం మీద ఎవరిదో కాలిపట్టీ దొరికితే "నాదే" అన్నారు. షేర్ ఆటో సీటు కింద గోళ్లరంగు సీసా దొర్లితే "నాదే" అన్నారు. ఎదురింటి డిగ్రీ విద్యార్థి సంచిలోంచి కాటుక డబ్బీ జారిపడినప్పుడైతే, అతని తల్లి నోరు తెరిచేలోపే వంగి తీసుకుని, "నాదేనమ్మా, నిన్నటి నుంచి ఎతుకుతున్నాను" అని జేబులో వేసుకున్నారు. మనిషి చూస్తే బియ్యం వ్యాపారి. బానలాంటి పొట్ట, దానికి సరితూగే మీసం. బజారంతా నవ్వేది. ఆయన ఆ నవ్వును కూడా తనదే అన్నట్టు స్వీకరించేవారు.

మేనకోడలు అరుణశ్రీకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె న్యాయశాస్త్రం చదివి శ్రీకాకుళం కోర్టులో కొత్తగా అడుగుపెట్టింది. అబద్ధాన్ని సహించలేదు, కుర్చీలో కుదురుగా కూర్చోనూ లేదు. మావయ్య ఏకంగా నీలవేణి కూడా తానేననేసరికి ఆమె సహనం పూర్తిగా చచ్చిపోయింది.

నీలవేణి ఒక అవతారం, ఇంటర్నెట్‌లో ఆడే బొమ్మ. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని, రెండు చేతుల్లో రెండు మీటలు పట్టుకుంటే, మనం కదిలినట్టల్లా తెర మీద ఆమె కదులుతుంది. మోకాళ్లు దాటిన జడ, నెమలికంఠం రంగు పావడా. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ లేని వేదిక మీద ఎక్కడెక్కడి మగవాళ్లో ఆడవేషాలతోనూ, ఆడవాళ్లో మగవేషాలతోనూ ఆడతారు. అందరిలోకీ పేరు నీలవేణిదే. ఆమెను ఆడించేది వెంకీ. వ్యాను మీద చేపలు తెచ్చి కోటబొమ్మాళి సంతలో అమ్మే సూరయ్య కొడుకు. ఆట జరిగేది జగన్నాధం గారి కొట్టు వెనక గదిలో. కానీ బజారులో "ఎవులండీ ఆ నీలవేణి?" అని ఎవరడిగినా ఆయన జవాబు ఒక్కటే.

"నేనే!"

"మావయ్యా, ఇది అన్యాయం! ప్రదర్శన మీద హక్కు కళాకారుడిది. చట్టముంది. నువ్వు దొంగిలిస్తున్నావు."

"ఎన్నాళ్లు లోపలేస్తారమ్మా?"

"మావయ్యా!"

"బెయిలిస్తారేటి? ఇస్తే నీలవేణిలాగే బయటికొస్తాను."

ఆ ఆదివారం కొట్టు వెనక గదిలో ఆమె నాలుగు పచార్లు చేసి, ఆటకు హెడ్‌సెట్ పట్టుకుని ఉన్న వెంకీ మీద పడింది. "నువ్వైనా నోరు విప్పు. తనను తాను ఎలా వ్యక్తపరచుకోవాలో మనిషి ఇష్టమని సుప్రీంకోర్టే చెప్పింది."

"కోర్టు సెప్పినాది, మేడమ్. మా అయ్యకెవులు సెప్తారు?" వెంకీ తల దించుకున్నాడు. "ఆ గంటసేపే నా ఒళ్లు నా మాటింటాది. అది పోతే నాకేటీ లేదు."

ఆ మాట పూర్తయిందో లేదో, సూరయ్య తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో పచ్చ జాకెట్టు.

"బావా, నా ఐసుపెట్టెలో ఇది దొరికినాది."

"నాదే!" అన్నారు జగన్నాధం గారు.

"నీదా? ఏదీ, తొడుగు!"

జాకెట్టు మోచేతి దగ్గర ఆగిపోయింది. "నిన్నటిదాకా పట్టింది, బావా. పొద్దున ఇడ్లీలు ఎక్కువయ్యాయి."

సూరయ్య నవ్వలేదు. "ఫోన్లో ఆడతన్నాది మా గుంటడేనని సంతంతా అంటన్నారు. నిజమైతే రేపే గుజరాత్ సేపలేట బోటెక్కిచ్చెస్తాను. ఏడాది ఉప్పుగాలి తింటే ఆడే కుదురుకుంటాడు."

వెంకీ చేతిలోని హెడ్‌సెట్‌ను జగన్నాధం గారు లాక్కున్నారు. "ఆడేది నేనైతే వాడినెందుకు పంపుతావు?"

"అయితే ఆడు. సూస్తాను."

రాజ్యాంగం అరుణశ్రీ నాలుక చివరి దాకా వచ్చింది. మావయ్య గుడ్లురిమి చూశారు. కాటుక డబ్బీ పడిన క్షణాన ఎదురింటి అబ్బాయి ముఖంలో తాను చూసిన భయం, ఆ వెంటనే కలిగిన తెరిపి ఆమెకు ఇప్పుడు అర్థమయ్యాయి. ఆమె నోరు మూసుకుని కూర్చుంది.

గదిలోని టీవీ తెర మీద నీలవేణి ప్రత్యక్షమైంది. ఒక చుట్టు తిరిగి, తూలి, లేని గోడను పట్టుకుంది. లేని మీసం దువ్వింది. 'నీలవేణికి ఒంట్లో బాగోలేదా?' అని తెర మీద ప్రశ్నలు కురిశాయి. చివరికి, నీలవేణి ఆటలో జనం ఎదురుచూసే అడుగు, చేపల వల లాగే అడుగు వచ్చింది. పుట్టి బుద్ధెరిగి వల ముట్టని జగన్నాధం గారు నడుము వంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపుతో భుజానికెత్తారు. నీలవేణి నిస్సందేహంగా బియ్యం బస్తా మోసింది.

"ఆపు, బావా!" సూరయ్య తట్టుకోలేకపోయాడు. "వలని అలగ లాగుతారేటి? పోయిన ఆదోరం ఆట ఫోన్లో సూసినాను. ఆ మణికట్టు తిప్పుడు మా అయ్య నాకు నేర్పినాడు. నాను ఒక్కడికే నేర్పినాను. నువ్వెక్కడ నేర్సినావు?"

జీవితంలో మొదటిసారి జగన్నాధం గారికి "నాదే" అనడానికి నోరు రాలేదు.

"నానే, అయ్యా," అన్నాడు వెంకీ.

సూరయ్య కొడుకును చూశాడు. తెర మీద బస్తా దించలేక వంగిపోయి ఉన్న నీలవేణిని చూశాడు. వలకు జరిగిన ఆ అవమానం అతను భరించలేకపోయినట్టుంది.

"ఇలగియ్యి దాన్ని."

సూరయ్య హెడ్‌సెట్ పెట్టుకుని, మీటలు పట్టుకున్నాడు. నీలవేణి నిటారుగా నిలబడింది. ఎడమచెయ్యి ముందుకు చాచి, మోకాలు వంచి, మణికట్టు తిప్పి సముద్రాన్నే ఒడ్డుకు లాగింది. తెర నిండా చూసేవాళ్లు పంపిన గులాబీలు రాలాయి.

నీలవేణి హఠాత్తుగా ఆగింది. రెండు చేతులూ కళ్ల దగ్గరకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఒరే ఎంకీ."

"అయ్యా?"

"మోసేతుల దాకా ఈ గాజులేట్రా? సగం తీసెయ్యి. వలకి తగులుకుంటాయి."